రాత్ పాళీ, గోలీల డబ్బా

సిరిసిల్ల

అల్లుడూ,

బరువు తగ్గడానికి చేసిన నీ పొట్ట బైపాస్ ఆపరేషనై నాలుగు నెలలైందని, 18 కిలోలు తగ్గావని అక్క ఫోన్లో మురిసిపోయింది. ఆ వెంటనే గొంతు తగ్గించి, "గోలీల డబ్బాలు అట్లనే ఉన్నయి తమ్మీ, రాత్ పాళీ వారం మింగనే మింగడు" అంది. ఆ రెండో మాట కోసమే ఈ ఉత్తరం.

నాదీ బైపాసే కదా, అందుకని రాస్తున్నా. తిండిలోని బీ12ను ఒంటికి పట్టించే రసం పొట్టలో ఊరుతుంది. ఐరన్, కాల్షియం ఎక్కువగా ఇంకేది చిన్నపేగు మొదట్లో. ఇప్పుడు మన తిండి పొట్టలో ఎక్కువ భాగాన్నీ, పేగు మొదటినీ తాకకుండా పక్కదారిన పోతోంది. బరువు తగ్గినా ఆ దారి మళ్లీ మొదటిలాగా కాదు, కాబట్టి గోలీలు మనమున్నన్నాళ్లూ ఉంటాయి.

నేనూ మానేసినవాణ్నే. మూడో ఏడు 112 కిలోల నుంచి 78కి దిగాను. షుగరు గోలీ పోయింది, మెట్లెక్కితే ఆయాసం లేదు. ఇంకా రోగి లెక్క ఈ డబ్బాలెందుకని పక్కన పడేశా. నెలల తరబడి ఏమీ కాలేదు. బీ12తో మోసం అదే. కాలేయం దాన్ని ఏళ్లకు సరిపడా దాచుకుంటుంది, ఆ నిల్వ అయ్యేదాకా ఒళ్లు చప్పుడు చేయదు.

ఒకరోజు పద్మానగర్‌లో మరమగ్గం దగ్గర వైపనికి, అంటే అయిపోయిన బీము పోగులకు కొత్త బీము పోగులు అతకడానికి, కూర్చున్నా. పాత పోగూ కొత్త పోగూ కలిపి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య మెలేస్తే, అతుకు పడిందో లేదో కంటితో చూడం, వేలికే తెలుస్తుంది. ఆ రోజు తెలియలేదు. చేతిలో ఒక పోగుందో రెండున్నాయో కూడా తెలియలేదు. వేళ్ల కొసలకు మైనం పూసినట్టుంది. బీము తిప్పగానే నేను అతికినవి వరసగా ఊడొచ్చాయి. పక్కన కూర్చున్న పిల్లగాడు ఏమీ అనకుండా నా వాటా కూడా అతికి పెట్టాడు. అనుంటే బాగుండేది. రక్తం పరీక్ష చేస్తే బీ12 అడుగంటింది. సూదులతో చాలావరకు తిరిగొచ్చిందిగానీ ఎడమ చిటికెన వేలు ఇప్పటికీ మొద్దే.

సరే, నీ రాత్రి షిఫ్టు పాళీ సంగతి. చీటీ మీద 1-0-1 రాసే డాక్టరు పొద్దున లేచి రాత్రి పడుకునే మనిషిని తలచుకుని రాస్తాడు. రాత్ పాళీ వాడివని ఆయనకు చెప్పావా? చెప్పు. నేను రాత్ పాళీ వారంలో గడియారం చూడటం మానేశా. నిద్ర లేచిన వేళే పొద్దు, అది సాయంత్రం నాలుగైనా సరే. లేవగానే నీ థైరాయిడ్ గోలీ ఒట్టి నీళ్లతో వేసుకుని అరగంట, వీలైతే గంట ఏమీ తినకు. ఐరన్, కాల్షియం దానికి నాలుగు గంటల దూరంలో ఉండాలి. ఆ రెండూ కలిపి మింగితే ఒకదానికొకటి అడ్డం, మధ్యలో రెండు గంటలైనా ఎడముండాలి. కాల్షియం ఒక్క విడతకు 500, 600 మిల్లీగ్రాములకు మించి సరిగా పట్టదు. రోజుకు 1200 నుంచి 1500 కావాలి కాబట్టే రెండు మూడు విడతలు రాస్తారు. షాపులో కార్బొనేట్ చేతిలో పెడతారు, నువ్వు సిట్రేట్ అని అడుగు. కార్బొనేట్ కరగడానికి కావలసిన పులుపు మన పొట్టలో ఇప్పుడు లేదు.

ఇక చాయ్. కటింగ్ చాయ్ మానమని నేనెట్ల చెప్తా, నేనే మానలేదు. కానీ చాయ్ ఐరన్‌ను పట్టనివ్వదు. చాయ్ ఒంటిగంటకు వస్తే ఐరన్ పదకొండుకే వేసుకో.

మరమగ్గం సాంచెల దగ్గర నిలబడి నడుం పట్టేస్తే మెడికల్ షాపువాడు అడక్కుండానే నొప్పి గోలీ ఇస్తాడు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఈ జాతి మొత్తం వద్దు. పేగు కుట్టిన చోట పుండు పడుతుంది, రక్తం కారుతుంది. ప్యారాసిటమాల్ చాలు. బీడీ కూడా ఆ పుండుకు చుట్టమే, నీకు తెలియనిది కాదు.

షుగరు, బీపీ గోలీలది తిరకాసు. తిండి తగ్గింది, షుగరు దానంతటదే దిగుతోంది. పాత మోతాదే మింగుతూ పోతే నడిరాత్రి చెమటలు పట్టి, కళ్లు తిరిగి, నడుస్తున్న సాంచె మీద పడతావు. అట్లని సొంతంగా తగ్గించకు. ఇంట్లో కొలిచి కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టు. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్ ఉన్నవాటిని కూడా చూపించు. మెల్లగా కరిగేవి మన కురచ దారిలో సగమే పట్టి పోవచ్చు. నలిపి మింగడం ఇంకా తప్పు.

మరొకటి. వాంతులు ఆగకపోతే మనవాళ్లు గ్లూకోజ్ బాటిల్ ఎక్కించమని పరుగెత్తుతారు. బీ1 ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిలవదు. అది లేని ఒంట్లో గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే దెబ్బ. సూది పట్టకముందే "నాకు బైపాసైంది, ముందు బీ1 ఇవ్వండి" అను. ఇంట్లోవాళ్లకూ నేర్పించు.

బతుకమ్మకు వచ్చేటప్పుడు గోలీలు బస్సు డిక్కీలో వేయకు, చేతిసంచిలో పెట్టుకో. ఆరు నెలల రక్తపరీక్ష రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపు. నా బీ12 సూది ప్రతి నెలా పదో తారీఖున. నీకు గోలీయా, సూదియా? ఏది రాశారో ఫోన్ చెయ్.

మీ మామ