సింహవాహన సేవ

కలకత్తా నగరమునకు తూర్పున, ఒకప్పుడు ఉప్పునీటి పల్లములుగా నుండిన నేలను పూడ్చి నిర్మించిన పేట సాల్ట్ లేక్. శరన్నవరాత్రములలో అచటి పెక్కు బ్లాకులందు దుర్గాపూజ జరుగును. వెదురు, గడ్డి, గంగమట్టితో రూపొందిన దేవీప్రతిమ పాదముల చెంత సింహము నిలిచియుండును. దేవికి అర్పించిన పుష్పాంజలిలో కొన్ని పూవులు దానిపైనను రాలును. విజయదశమి పిమ్మట ఆ సింహమును ప్రతిమతోపాటు నీటిలో కలసిపోవును.

ఆ పేటయందే పశ్చిమ వంగ రాష్ట్ర అటవీశాఖవారి అరణ్య భవన్ కలదు. మట్టిసింహమునకు కొలది దినముల పూజ చాలును. రక్తమాంసములు గల సింహమే చెఱనుండి విడిపింపబడి వచ్చినచో, దాని సేవ ఎన్నాళ్లు సాగవలెను? ఇది వట్టి ఊహ కాదు. 2019 జూన్ ప్రారంభమున, కలకత్తా సమీపమందలి బెల్ఘరియా రహదారిపై అధికారులు ఒక మోటారువాహనమును ఆపి, దొంగతనముగా తరలింపబడుచున్న ఒక సింహపుకూనను, మూడు కొండముచ్చులను విడిపించిరి. ముగ్గురు వ్యక్తులు నిర్బంధింపబడిరి. కూనను అలీపూరు జంతు ప్రదర్శనశాలకు చేర్చిరి. వంగదేశపు అడవులలో సింహములు లేవు. తల్లిని ఎడబాసిన ఆ కూనకు తిరిగిపోవుటకు తనదగు అడవియే లేదు.

రెండు చూపులు

శ్రీరామకృష్ణులు ఒకమారు కలకత్తా జంతు ప్రదర్శనశాలకు వెళ్లిరి. సింహమును చూచినంతనే అది జగన్మాత వాహనమను స్ఫురణ కలిగి, వారు సమాధిమగ్నులైరి. తక్కిన జంతువులను చూడకయే మరలివచ్చిరి. ఈ సంగతిని వారే తరువాత భక్తులకు తెలిపియున్నారు.

ఆ బోను ముందు ఆనాడు ఎందరో నిలిచియుందురు. వారు చూచినదియు ఆ సింహమునే. కాని వినోదమును కోరు చూపునకు అది దృశ్యమాత్రము. భక్తుని చూపునకు అది దేవీసన్నిధి. వినోదదృష్టి ముదిరినకొలది మృగము దృశ్యముగానైనను మిగులదు, ఆటవస్తువగును. నిప్పుకట్టెల వలయములో దుమికిన సర్కసు సింహము అట్టి దృష్టికి ఫలము.

తీర్పు తరువాత

1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ననుసరించి, భారత ప్రభుత్వము 1998 అక్టోబరు 14న ఒక ప్రకటన గావించినది. ఎలుగుబంట్లు, కోతులు, పెద్దపులులు, చిఱుతలు, సింహములు ఇకపై ఆటలకై శిక్షింపబడరాదు, ప్రదర్శింపబడరాదు. సర్కసు యజమానులు న్యాయస్థానముల కెక్కిరి. కేరళ హైకోర్టు 2000 జూన్‌లో ప్రభుత్వాజ్ఞను సమర్థించినది. 2001 మే నెలలో సుప్రీంకోర్టు దానిని ఖాయపఱచినది.

తీర్పుతో బోనుల తలుపులు తెఱచుకొనవచ్చును. కాని లోనున్న సింహము ఎచటికి పోవును? వేటాడుట అది ఎన్నడును నేర్వలేదు. మనుష్యునిపై భయము పోయినందున ఊళ్లకు అపాయకరము. అంతేకాక, సర్కసులలో ఆఫ్రికా సింహములకును మన దేశపు సింహములకును సాంకర్యము కలిగినది. గుజరాతునందలి గిర్ ప్రాంతమున 2025 గణనలో తేలిన 891 సింహములే లోకమున స్వేచ్ఛగా మిగిలిన ఆసియా సింహసంతతి. సంకరజాతిని అందులో విడుచుట ఆ సంతతికే ముప్పు.

కావున కేంద్ర జంతు ప్రదర్శనశాలల సంస్థవారి పూనికతో రక్షణకేంద్రము లేర్పడినవి. ఆంధ్రదేశమున విశాఖపట్టణమునందును, తిరుపతియందును అట్టివి నెలకొల్పబడినవి. ఇందలి మృగములకు సంతానము కలుగనీయరు. వానిని సందర్శకులకు ప్రదర్శింపరు. ఇచట సింహము ఎవరికిని ఆట చూపనక్కఱలేదు. అది సింహమై యున్న చాలును.

బ్రహ్మోత్సవములలో మూడవనాటి ఉదయమున తిరుమలేశుడు సింహవాహనముపై మాడవీథులలో ఊరేగును. ఆ కొండ దిగువనే సర్కసు చెఱ వీడిన సింహములు తమ శేషజీవితమును గడపినవి. పైన బంగారు సింహమునకు హారతి. క్రింద ముసలి సింహమునకు మాంసము, నీరు, నీడ. ఈ రెంటికిని నడుమ గోడ కట్టుకొనుట భక్తుని లోపమే గాని భగవంతుని విధానము కాదు.

దానమా, ఋణమా?

మనుష్యులే ఆకలితో నుండగా సింహమునకు మాంసము పెట్టుట ఏల యని కొందఱు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న తోసివేయదగినది కాదు. కాని సింహము తానై మన వాకిటికి రాలేదు. దాని అడవిని, వేటను, మందను మనుష్యుడే హరించెను. హరించిన వస్తువును తిరిగి ఇచ్చుట దానము కాదు, ఋణవిమోచనము. గృహస్థుడు నిత్యము చేయవలసిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞము నొకటిగా మన పెద్దలు ఉంచుటయు ఇందులకే. తన అన్నములో ప్రాణికోటికి భాగము కలదని దాని భావము.

ఈ సేవ ఒకనాటి ఉత్సాహముతో తీఱునది కాదు. సింహము సంరక్షణలో ఇరువది ఏండ్ల వఱకు జీవింపవచ్చును. ప్రతిదినము కిలోలకొలది మాంసము, పశువైద్యుడు, సంరక్షకులు, దృఢమైన ఆవరణ కావలెను. వార్ధక్యమున దంతములు అరుగును, కీళ్లు పట్టును, చూపు మందగించును. అపుడు వ్యయము తగ్గదు, పెరుగును. అలీపూరు, విశాఖపట్టణము మొదలగు ప్రభుత్వ జంతు ప్రదర్శనశాలలలో, ఒక ప్రాణి పోషణవ్యయమును దాతలు స్వీకరించు దత్తత పద్ధతి కలదు. ఒక కుటుంబమునకు భారమైనచో పలువురు కలసి నిర్వహింపవచ్చును.

దాత వివేకియై యుండవలెను. శరణాలయమను పేరు పెట్టుకొని, పిల్లలను పుట్టించి, వానిని ఒడిలో నుంచుకొని ఛాయాచిత్రములు తీయించుకొనుడని పిలుచు స్థలము లోకమున ఎచట నున్నను అది సర్కసునకు మారుపేరు. నిజమైన శరణాలయము ప్రాణిని దాచును, దాతను నిరీక్షింపజేయును.

ఇందు సాధకునకు ఒక పాఠము కలదు. ఈ సింహము ఎన్నటికిని కృతజ్ఞత తెలుపదు, దాతను గుర్తింపదు, అడవికి పోయి సేవను సఫలము గావింపదు. సంతానము లేనందున ఏటేట వీని సంఖ్య తగ్గును. తుదకు ఒకనాడు ఆవరణ శూన్యమగును. ఆ శూన్యతయే ఈ సేవకు సాఫల్యము. బోనులో పుట్టవలసిన సింహము ఇక లేదని దాని అర్థము. ఫలమును చూడగోరని కర్మకు ఇంతకన్న స్పష్టమైన అభ్యాసము దొరకుట అరుదు.

సాల్ట్ లేక్ మంటపమునందు దేవికి నమస్కరించు చేతులు, ఆమె పాదముల చెంతనున్న సింహమును గూడ ఒక్క క్షణము తలంచుగాక. మట్టిసింహము నీటిలో కరగిపోయిన మఱునాడు ఉదయమున, బ్రదికియున్న సింహమునకు ఆకలి వేయును.