బాలసంఘానికి ఒక అన్నయ్య

తెలుగు బాలలకు ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’గా పరిచితులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు. బాలసంఘ నాయకత్వ ధర్మమంతా ఆ పిలుపులోనే ఇమిడి ఉంది. అన్నయ్య శాసించడు, తానూ ఆడుతూ తమ్ముళ్లను నడిపిస్తాడు.

అయితే ఆ పిలుపును నిలుపుకోవడం కష్టం. విద్యార్థులు సేవోత్సాహంతో పేటలోని పిల్లలను చేరదీసి, పరీక్షలు సమీపించగానే అదృశ్యులు కావడం కద్దు. మూసిన తలుపు వద్ద రెండు వారాలు నిరీక్షించిన పసివాడు మూడవ వారం రాడు. మరొక అన్నయ్యను సులభంగా నమ్మడు.

కావున ఇద్దరు ముగ్గురు కలసి వంతులవారీగా బాధ్యత వహించాలి. పిల్లలకూ అందులో భాగమివ్వాలి. బేడెన్ పవెల్ 1907లో బ్రౌన్‌సీ ద్వీప శిబిరంలో బాలురను దళాలుగా విభజించి, వారిలోనే దళనాయకులను నియమించాడు. తాను లేనినాడు సైతం సంఘం నడిచేలా తీర్చిదిద్దినవాడే నిజమైన నాయకుడు.

వారానికి ఒక్క గంట చాలు. ఆ గంట మాత్రం తప్పరాదు.