పాత క్యాబినెట్‌లో ఫైల్ సర్వర్: చప్పుడు తక్కువ, కరెంటు తక్కువ

సర్వర్ అనే మాట వినగానే మనకు ఏసీ గదులు, గాజు తలుపులు, వరుసగా బీరువాల్లా నిలబడ్డ యంత్రాలు గుర్తుకొస్తాయి. నిజానికి సర్వర్ అంటే అడిగినది తెచ్చి ఇచ్చే కంప్యూటర్, అంతే. మెస్‌లో గరిటె పట్టుకొని నిలబడే వంట అన్న మనకు ఏ పని చేస్తాడో, ఫైల్ సర్వర్ ఇంట్లోని ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు అదే పని చేస్తుంది. ఫైళ్ళన్నీ దాని దగ్గరే ఉంటాయి. ఎవరికి ఏది కావాలో అది వడ్డిస్తుంది. రాత్రింబవళ్ళు మేలుకొని ఉండాల్సిన యంత్రం కనుక దానికి రెండు గుణాలు తప్పనిసరి. పక్కన పడుకున్నవాళ్ళను లేపకూడదు, కరెంటు బిల్లు పెంచకూడదు.

ఇది మాకెందుకు అవసరపడిందో చెప్పాలి. మేము నలుగురం మన హాస్టల్లో పదో తరగతి దాకా ఉండి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒకే గదిలో అద్దెకుంటూ పీజీ చదువుతున్నాం. నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం మేమే. నాన్న రాసుకున్న నోట్సు కొడుక్కి అందే ఇళ్ళు కావు మావి. మాకు నోట్సు ఇచ్చింది మన హాస్టల్ సీనియర్లు. వాళ్ళ నోట్సుల్లో కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని వానకు తడిశాయి, చాలా భాగం పాత పేపర్లతో కలిసి కిలోల లెక్కన పోయాయి. ఫోన్లో ఫోటోలు తీసి దాచుకున్నవాళ్ళు ఫోన్ పోయిన రోజున అన్నీ పోగొట్టుకున్నారు. సర్టిఫికెట్లలో చాలావాటికి 2015లో వచ్చిన డిజిలాకర్ ఉంది కాని, సీనియర్ చేత్తో రాసిన ఆర్గానిక్ కెమిస్ట్రీ నోట్సుకు ఏ లాకరూ లేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అది నలుగురి నోట్సులకు చాలదు.

స్థలం లెక్క చూడండి. ఒక పేజీని చదవడానికి వీలుగా ఫోటో తీసి కుదిస్తే అర ఎంబీ అనుకుందాం. 200 పేజీల నోటుబుక్కు 100 ఎంబీ. ఒక టీబీ డిస్కులో అలాంటివి 10,000 పడతాయి. మన హాస్టల్లో పదేళ్ళుగా రాసిన నోట్సులన్నీ తెచ్చినా నిండదు.

ముందు కరెంటు లెక్క

మూతపడుతున్న ఒక ఇంటర్నెట్ సెంటర్ నుంచి పాత పెంటియం 4 కంప్యూటర్ ఒకటి దాదాపు ఉచితంగానే మాకు దొరికింది. దాన్నే సర్వర్‌గా వాడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. పని చేస్తుంది. కాని ప్లగ్గుకూ గోడకూ మధ్య చిన్న వాట్ మీటర్ పెట్టి చూస్తే, ఏ పనీ చెయ్యకుండా ఊరికే ఉన్నప్పుడే 92 వాట్లు చూపించింది. ఆ తరం ప్రాసెసర్లు అలాంటివే. 2004లో వచ్చిన ప్రెస్కాట్ రకంలో కొన్నింటికి కంపెనీ చెప్పిన వేడి లెక్కే 100 వాట్లు దాటింది.

వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. 92 వాట్ల యంత్రం రోజంతా ఉంటే 2.2 యూనిట్లు, నెలకు 66 యూనిట్లు. మా గదికి సబ్ మీటరు ఉంది, యూనిట్‌కు 10 రూపాయలు కట్టాలి. అంటే ఉచితంగా వచ్చిన యంత్రానికి నెలనెలా 660 రూపాయలు. పైగా 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి పాత 32 బిట్ యంత్రాల మీద దాన్ని కొత్తగా ఎక్కించుకునే వీలు కూడా లేదు.

అందుకని లోపలి సామాను తీసేసి క్యాబినెట్ మాత్రం ఉంచుకున్నాం. ఇది ఎలా కుదిరిందంటే, ఏటీఎక్స్ అనే కొలతను ఇంటెల్ కంపెనీ 1995లో తెచ్చింది. తర్వాత 2001లో వయా కంపెనీ తెచ్చిన మినీ ఐటీఎక్స్ బోర్డు 17 సెంటీమీటర్ల చదరమే అయినా, దాని నాలుగు స్క్రూ రంధ్రాలు పాత ఏటీఎక్స్ క్యాబినెట్‌లోని స్థానాల్లోనే కూర్చుంటాయి. వెనకవైపు కేబుళ్ళు పెట్టే నలుచదరపు కిటికీ కొలత కూడా అదే. ఇరవై ఏళ్ళ నాటి రేకు డబ్బాలో నిన్న మొన్నటి బోర్డు పడుతుంది.

మేము పెట్టింది 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ ఐటీఎక్స్ బోర్డు. ప్రాసెసర్ బోర్డుకే అతికించి వస్తుంది, విడిగా కొనే పని లేదు. నాలుగు కోర్లు, కంపెనీ లెక్క 6 వాట్లు. పైన అల్యూమినియం దిమ్మె ఉంటుంది, ఫ్యాను ఉండదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగితే ఇలాంటి సామాను ధర తెలిసిపోతుంది. ఒక్క షాపులో అడిగి కొనకండి. ర్యామ్ 8 జీబీ చాలు. 4 టీబీ హార్డ్ డిస్కు ఒకటి. ఇప్పుడు అదే మీటరు 16 వాట్లు చూపిస్తోంది. నెలకు పదకొండున్నర యూనిట్లు, అంటే 115 రూపాయలు. పాతదానితో పోలిస్తే ఏడాదికి ఆరువేల అయిదు వందల దాకా తేడా. కొత్త బోర్డు ఖరీదు ఆ తేడాలోంచే వస్తుందని ఇంట్లో చెప్పి ఒప్పించాం.

క్యాబినెట్ పాతది పెట్టుకోండి కాని, ఎస్‌ఎంపీఎస్ మాత్రం పాతది వద్దు. దానిలోని కెపాసిటర్లు ఏళ్ళ తరబడి వేడికి ఎండిపోతాయి, పైకప్పు ఉబ్బుతుంది. అది చెడిపోతూ చెడిపోతూ హార్డ్ డిస్కును కూడా తీసుకుపోగలదు. ఎస్‌ఎంపీఎస్ మీద రాసిన 450 వాట్లు అది ఇవ్వగలిగిన గరిష్ఠం, ఎప్పుడూ వాడుకునేది కాదు. అయితే అంత పెద్దదాన్ని 16 వాట్ల పనికి పెడితే దాని సామర్థ్యం బాగా పడిపోయి, కొంత కరెంటు ఊరికే వేడిగా పోతుంది. ఎన్100 బోర్డుల్లో కొన్ని ల్యాప్‌టాప్‌కు ఇచ్చేలాంటి 19 వోల్టుల అడాప్టరుతోనే నడుస్తాయి, హార్డ్ డిస్కుకు కరెంటు కూడా బోర్డే ఇస్తుంది. మేము అదే తీసుకున్నాం. ఎస్‌ఎంపీఎస్ పోయింది, దానితోపాటు దాని ఫ్యాను చప్పుడూ పోయింది.

ఎస్‌ఎంపీఎస్ వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. పాత క్యాబినెట్‌ను ముట్టుకుంటే చేతికి జివ్వుమనడం మన కంప్యూటర్ ల్యాబుల్లో అందరికీ తెలిసిందే. ఎర్తింగ్ లేని సాకెట్లో పెడితే ఎస్‌ఎంపీఎస్ లోపలి చిన్న కెపాసిటర్ల ద్వారా కొద్ది కరెంటు రేకు మీదకు వస్తుంది, అదే ఆ జివ్వు. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నులతో పెట్టడం మానండి, ఎర్తింగ్ సరిచేయించండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పవద్దు. ప్లగ్గు తీసినా లోపల చార్జ్ కొంతసేపు నిలిచి ఉంటుంది.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది

రెండు చోట్ల నుంచి. గాలి నుంచి, వణుకు నుంచి.

గాలి సంగతి ఫిజిక్స్ చదివినవాళ్ళకు తేలిక. ఫ్యాను వేగం సగం చేస్తే అది తోసే గాలి సగమవుతుంది కాని, దానికి కావలసిన శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది, చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి చిన్న ఫ్యాను వేగంగా తిరగడం కంటే పెద్ద ఫ్యాను మెల్లగా తిరగడం మేలు. పాత క్యాబినెట్‌లో వెనక ఉండే రంధ్రం 80 మిల్లీమీటర్లది. 120 మిల్లీమీటర్ల ఫ్యాను వైశాల్యం దానికి రెండింతల పైనే. ముందువైపు ప్లాస్టిక్ ముఖం తీస్తే వెనక చిల్లుల రేకు ఉంటుంది. దాన్ని వెల్డింగ్ షాపులో గుండ్రంగా కోయించి 120 ఫ్యాను బిగించాం. ఈ కోత పని బోర్డు పెట్టకముందే అయిపోవాలి, ఇనుప రజను ఒక్క పలుకు బోర్డు మీద పడినా షార్ట్ అవుతుంది. ఫ్యాను ముందు దోమతెర గుడ్డ ముక్క కట్టాం. దుమ్ముకే కాదు, బల్లులకు కూడా. ఫ్యాను వేగాన్ని బయోస్‌లో బాగా తగ్గించి పెట్టాం. రాత్రి లైటు ఆర్పాక చెవి దగ్గర పెడితే తప్ప వినిపించదు.

అసలు ఫ్యానే లేకుండా చేయవచ్చా? చలికాలంలో చేయవచ్చు. మే నెలలో మన గదే 40 డిగ్రీలు ఉంటుంది. చాలా హార్డ్ డిస్కుల పైహద్దు 60 డిగ్రీలు, 45 దాటకుండా చూసుకోవడం మంచిది. మెల్లగా తిరిగే ఒక్క ఫ్యాను ఖర్చు అర వాటు కూడా ఉండదు, దాన్ని పొదుపు చేయడంలో అర్థం లేదు.

ఇక వణుకు. హార్డ్ డిస్కులో పళ్ళేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. మా పనికి 5400 రకం చాలు, అది చల్లగానూ నెమ్మదిగానూ ఉంటుంది. ఆ డిస్కును నేరుగా రేకుకు బిగిస్తే డబ్బా మొత్తం డప్పులా మోగుతుంది. పాత క్యాబినెట్ రేకు మందంగా ఉండడం వల్ల కొంత నయమే కాని, పూర్తిగా పోదు. అమ్మకానికి రబ్బరు వాషర్లు దొరుకుతాయి. మేము సైకిల్ ట్యూబు కత్తిరించి పట్టీలు చేసి, పాత సీడీ డ్రైవు ఉండే అరలో డిస్కును ఉయ్యాలలా కట్టాం. స్పాంజిలో చుట్టకూడదు, వేడి బయటికి పోదు. క్యాబినెట్ కాళ్ళ కింద కూడా ట్యూబు ముక్కలే. ఆ డబ్బా మంచం కింద నేల మీద నిలబడి ఉంటుంది, దాని పైనే మాలో ఒకరు పడుకుంటారు.

బోర్డు బిగించేటప్పుడు ఒకటి చూసుకోండి. పాత పెద్ద బోర్డుకు వాడిన ఇత్తడి స్టాండ్లు తొమ్మిది దాకా ఉంటాయి. కొత్త చిన్న బోర్డుకు నాలుగే కావాలి. మిగిలినవి విప్పేయకపోతే బోర్డు వెనక తగిలి షార్ట్ అవుతుంది.

సాఫ్ట్‌వేర్‌కు పైసా ఖర్చు లేదు. డెబియన్ లినక్స్ ఎక్కించి, దాని మీద సాంబా పెట్టాం. విండోస్ ల్యాప్‌టాప్‌లకు, ఫోన్లకు ఫైళ్ళు వడ్డించేది ఈ సాంబాయే. దీన్ని ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆయన 1991-92లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో పీహెచ్‌డీ విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టాడు. మా వయసుకు దగ్గరగా ఉన్న ఒక విద్యార్థి తన అవసరానికి రాసుకున్నది ఇవాళ మా మంచం కింద పనిచేస్తోంది. ఆదేశాలు టైపు చేయడం ఇబ్బంది అనుకునేవాళ్ళకు డెబియన్ మీదే కట్టిన ఓపెన్ మీడియా వాల్ట్ ఉంది, బ్రౌజర్‌లో నొక్కుతూ అన్నీ అమర్చుకోవచ్చు. రూటరు నుంచి సర్వర్‌కు ల్యాన్ కేబుల్ వెయ్యండి. రూటరు పోర్టు 100 ఎంబీపీఎస్ రకమైతే సెకనుకు 11 ఎంబీ, గిగాబిట్ అయితే 110 ఎంబీ దాకా వస్తుంది.

ఫోల్డర్లు రెండు రకాలు చేశాం. నోట్సులు, పాత ప్రశ్నపత్రాలు, ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు ఉచితంగా ఇచ్చే పాఠ్యపుస్తకాలు అందరూ చదవవచ్చు కాని, చెరిపే అధికారం మాలో ఇద్దరికే. కుల, ఆదాయ ధృవీకరణ పత్రాలు, మార్కుల మెమోలు, ఆధార్ కాపీలు ఎవరివి వారి పాస్‌వర్డుతో వేరుగా. సర్వర్‌ను బయటి ఇంటర్నెట్‌కు తెరవలేదు. గది వైఫైలో ఉన్నవాళ్ళకే కనబడుతుంది.

కరెంటు పోతే? మామూలు యూపీఎస్‌లో 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది, అంటే 84 వాట్ అవర్లు. 16 వాట్లకు లెక్క ప్రకారం అయిదు గంటలు రావాలి. మార్పిడిలో పోయేది, బ్యాటరీ వయసు తీసేస్తే అందులో సగం అనుకోవడం క్షేమం. రాస్తూ ఉండగా కరెంటు పోతే ఫైలు పాడవుతుంది కనుక యూపీఎస్ అవసరమే.

రెండో డిస్కు

అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. ఇంతా చేసి ఒకే డిస్కులో పెడితే, చెదలు తినే పెట్టెను వదిలి చెదలు తినని పెట్టెలోకి మార్చినట్టు మాత్రమే. పెట్టె మొత్తం పోవచ్చు కదా. చాలామంది రెండు డిస్కులు లోపలే పెట్టి, ఒకదానిలో రాసింది రెండోదానిలో కూడా రాసే రెయిడ్ 1 పద్ధతి వాడతారు. 1988లో బర్క్‌లీ పరిశోధకులు ముగ్గురు రెయిడ్ మీద పత్రం రాసినప్పటి నుంచీ అది మంచి పద్ధతే, ఒక డిస్కు చెడితే పని ఆగదు. కాని ఎవరైనా ఒక ఫోల్డరు చెరిపితే అదే క్షణంలో రెండింటిలోనూ చెరిగిపోతుంది. పిడుగు పడితే, దొంగ ఎత్తుకుపోతే రెండూ పోతాయి. ఒక గదికి కావలసింది రెయిడ్ కాదు, వేరే ఊళ్ళో ఇంకో కాపీ అని మా నిర్ణయం.

అందుకని బయట పెట్టుకునే 4 టీబీ డిస్కు ఒకటి తీసుకున్నాం. నెలకోసారి ఆర్‌సింక్ అనే ప్రోగ్రాంతో కొత్తగా చేరినవీ, మారినవీ మాత్రమే దానిలోకి వెళతాయి. 1996లో దీన్ని తెచ్చినవారిలో కూడా ఆ ట్రిడ్జెల్‌గారే ఉన్నారు. ఇక్కడ చెరిపినది అక్కడ కూడా చెరిపే ఆప్షను దీనిలో ఉంది, దాన్ని వాడటం లేదు. ఆ డిస్కు మాలో ఒకరి ఇంట్లో, ఊళ్ళో ఉంటుంది. బస్సులో తిరిగే వస్తువు కనుక మొత్తం డిస్కును లక్స్ పద్ధతిలో తాళం వేశాం. పాస్‌వర్డు మరిచిపోతే ఎవరూ తెరవలేరు కాబట్టి దాన్ని కాగితం మీద రాసి రెండు ఇళ్ళలో దాచాం. మూడు నెలలకోసారి ఆ డిస్కులోంచి ఏదో ఒక నోట్సు తెరిచి చూస్తాం. తెరుచుకోని కాపీ కాపీ కాదు.

వార్షికోత్సవం రోజున ల్యాప్‌టాప్‌తోపాటు ఖాళీ డిస్కు ఒకటి హాస్టల్‌కు తెస్తున్నాం. ఇంటర్, డిగ్రీ, పాలిటెక్నిక్ నోట్సులు ఉన్న అన్నలు, తమ్ముళ్ళు వాటిని వెంట తీసుకురండి. కుట్టు విప్పనక్కరలేదు. భోజనాల తర్వాత వరండాలో వెలుతురు బాగుంటుంది, బల్ల మీద పరిచి అక్కడే ఫోటోలు తీసి నోట్సు మీకు తిరిగి ఇచ్చేస్తాం. మొదటి పేజీ మీద మీ పేరు, చదివిన సంవత్సరం, సబ్జెక్టు పెన్నుతో రాసి ఉంచండి, ఫైలు పేరు దాని ప్రకారమే పెడతాం.