జావా దీవి పురుగు - శాస్త్రజ్ఞుని వర్ణనము

వర్ణనమనగానే మీకు ప్రబంధములలోని చంద్రోదయము, ఋతువులు, పురములు జ్ఞప్తికి వచ్చును. మేము తరగతిలో చెప్పునదియు అదియే. శాస్త్రజ్ఞులును వర్ణనము చేయుదురు. కాని రెంటికిని భేదము కలదు. ఒక కావ్యములోని చంద్రోదయమును మఱియొక కావ్యమున నుంచినను చెల్లిపోవును. శాస్త్రజ్ఞుడు ఒక పురుగును గూర్చి వ్రాసినది మాత్రము దాని జ్ఞాతులలో దేనికిని అతుకరాదు.

1854లో స్వీడను దేశస్థుడగు కార్ల్ స్టోల్, జావా దీవినుండి చేరిన యొక గోధుమవన్నె దోమను లాటిను భాషలో వర్ణించి, 'డెల్ఫాక్స్ లూజెన్స్' అని పేరిడెను. లూజెన్స్ అనగా దుఃఖించునది. స్టోల్ జన్మించినది 1833లో; అనగా అప్పటికి మీకంటె అయిదాఱేండ్లు పెద్దవాడు, అంతే. దోమ యన్నను ఇది మనలను కుట్టునది కాదు. పైరు రసమును పీల్చునది.

నాలుగు మిల్లీమీటర్ల ప్రాణియందు వర్ణింపదగిన దేమున్నదని మీరడుగవచ్చును. దీని స్పర్శశృంగములు కన్నులకు క్రిందుగా నుండును. వెనుక కాలి పిక్క చివర కదలెడి పెద్ద ముల్లొకటి కలదు. ఇది ఈ కుటుంబమునకెల్ల గుర్తు. పాదపు మొదటి కణుపు ప్రక్కన సన్నని ముండ్లు కొన్ని యుండును. ఇది దీని ప్రజాతికి గుర్తు. జాతిని తేల్చుటకు ఈనాటివారు మగపురుగు జననాంగముల ఆకారమును సూక్ష్మదర్శినిలో చూచి చిత్రింతురు. ఒక్క రంగునే నమ్మరు. రెక్కల పొడవునైనను నమ్మరు. ఏలయన ఒకే తల్లి పిల్లలలో పొడుగు రెక్కలవియు, పొట్టి రెక్కలవియు కలుగును. వర్ణించిన పురుగును మ్యూజియములో భద్రపఱతురు. తాళపత్ర ప్రతులకు మాతృక యెట్టిదో జాతికి ఆ నమూనా అట్టిది. సందేహము కలిగినవారు దానినే చూడవలెను.

ఇంత జాగ్రత్త యేల? 1906లో డిస్టాంట్ అను ఆంగ్లేయుడు లంకనుండి వచ్చిన యొక పురుగును క్రొత్తదని తలచి 'నీలపర్వత గ్రీనీ' అని వర్ణించెను. అది జావా పురుగే యని తరువాత తేలినది. జాతినామములలో ముందు పెట్టినదే నిలువవలెను గనుక లూజెన్స్ నిలిచెను. డెల్ఫాక్స్ ప్రజాతిలో ఇది ఇమడదని తేలుటచే డిస్టాంటు పెట్టిన ప్రజాతినామము చెల్లుచున్నది. అందుచే నేడు దీని పేరు 'నీలపర్వత లూజెన్స్'. ఒకటి సంస్కృతము, ఒకటి లాటిను! మీరిట్టి సమాసము వ్రాసినచో మేము ఎఱ్ఱసిరాతో కొట్టివేయుదుము.

ఈ దుఃఖించు నీలపర్వతము మీరెఱుగనిది కాదు. మన రైతులు సుడిదోమ యనునది యిదియే. తమిళ రైతులు పుగైయాన్ అందురు. మన పేరున సుడి కలదు, వారి పేరున పొగ కలదు. చేను సుడులు సుడులుగా ఎండి పొగచూఱినట్లగుట చూచినవారికి రెండు పేర్లును బోధపడును. వర్ణించుటలో రైతులు తక్కువవారు కారు.

స్టోల్ పురుగు వచ్చిన జావాలోనే దీని బాధ మితిమీఱగా, 1986లో ఇండొనేషియా ప్రభుత్వము 57 రకముల మందులను వరిపై చల్లరాదని నిషేధించెను. ఆ మందులు దోమను తినెడి సాలీళ్లను చంపుచుండెను. దోమ మరల పెరుగుచుండెను.

మందు మాట తలపెట్టుటకు ముందు పురుగు ఏదియో తెలియవలెను గదా! పచ్చదీపపు పురుగును అదే చేనిలో నుండును. దాని వెనుక కాలిపై ముండ్ల వరుసలుండును గాని కదలెడి ముల్లుండదు. సెలవులలో ఇంటికి పోయినపుడు వరిదుబ్బు మొదట, నీటికి కొంచెము పైగా, భూతద్దముతో వెదకుడు. చూచినదానిని పది పంక్తులలో వ్రాసి తెండు. చంద్రోదయము అక్కఱలేదు.