ఆఖరి చెంబులో పులుపెంత?

ఈసారి నేను రాసేది పద్యం గురించి కాదు, తలంటు గురించి. నేను చెప్పిన మాట విని మన హాస్టల్లో ఒక చెల్లికి మాడు మండింది. ఇంకొకరికి అట్లా కాకూడదని ఇది రాస్తున్నాను.

మాది హొసూరు పక్కన పల్లె. మా అవ్వ సీకాయతో తలంటినాక, బక్కెట్ నీళ్ళలో అర నిమ్మకాయ పిండి, ఆ నీళ్ళు ఆఖరున తలమీద పోస్తుంది. చిక్కు సులువుగా వస్తుంది, వెంట్రుకలు మెరుస్తాయి. ఈ చెల్లి ఒంటి సబ్బుతోనే తల రుద్దుకునేది. జుట్టు కొబ్బరి పీచు మాదిరి అయిపోయిందని బాధపడితే, అవ్వ చిట్కా చెప్పాను. రెండు వారాలు చేసింది. "అక్కా, ఏం తేడా లేదే" అంది. "అయితే ఇంకా పిండుకో" అన్నాను. అంతే, ఎంతని చెప్పలేదు. ఆ పిల్ల గ్లాసెడు నీళ్ళలో మూడు నిమ్మకాయలు పిండి పోసుకుంది. చుండ్రుకి గోకి గోకి మాడంతా గీతలు పడి ఉంది. ఏడుస్తూ అరగంట నీళ్ళు పోసుకుంది, రెండు రోజులు దువ్వెన పెట్టలేకపోయింది.

మా ఇంట్లో మేలు చేసిన నిమ్మకాయ, ఇక్కడ మొదట ఎందుకు పనిచేయలేదు? తర్వాత ఎందుకు కాల్చింది? కెమిస్ట్రీ చదివే స్నేహితురాలిని పట్టుకుని కూర్చున్నాను. తెలుసుకున్నది ఇది.

పులుపుకి ఒక అంకె

పులుపుని మనం నాలుకతో చెబుతాం. శాస్త్రం అంకెతో చెబుతుంది. 1909లో డెన్మార్క్‌లో సోరెన్‌సెన్ అనే శాస్త్రవేత్త పిహెచ్ అనే కొలత పెట్టాడు. మామూలుగా 0 నుంచి 14 దాకా లెక్కిస్తారు. స్వచ్ఛమైన నీళ్ళు 7. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. గుర్తుపెట్టుకోవలసింది ఒకటుంది: ఒక్కో అంకె ఒక్కో మెట్టు కాదు, పది రెట్లు. 5 కన్నా 4 పదింతలు పులుపు, 3 నూరింతలు.

మన చర్మం పైపొర 5 అటూఇటూ ఉంటుంది. అంటే మనమే కాస్త పుల్లగా ఉంటాం! దీన్ని 1928లో షాడె, మార్కియోనిని అనే జర్మన్ వైద్యులు 'ఆమ్లపు దుప్పటి' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. ఆ పులుపులోనే చర్మపు కొవ్వుపొర సరిగ్గా తయారవుతుంది, చెడ్డ క్రిములు తొందరగా పెరగవు. వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. క్షారం తగిలితే వెంట్రుక ఉబ్బి అవి లేస్తాయి, ఒకదానికొకటి తగులుకుని చిక్కు పడతాయి. కొంచెం పులుపు తగిలితే అణిగి నున్నగా అవుతాయి.

సబ్బు 9, 10 దాకా ఉంటుంది. వంటసోడా నీళ్ళు 8 పైన. నిమ్మరసం 2 నుంచి 3 లోపల. చర్మం 5, నిమ్మరసం 2 అనుకుంటే తేడా వెయ్యి రెట్లు. 'చెట్టునుంచి వచ్చిందే కదా, ఏం చేస్తుంది?' అనే మాట ఇక్కడ చెల్లదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే కొందరికి బొబ్బలు, నల్లమచ్చలు కూడా వస్తాయి.

ల్యాబులో చూసింది

అవ్వ లెక్క 15 లీటర్ల బక్కెట్‌కి అర నిమ్మకాయ. అంటే లీటరుకి సుమారు 1 మిల్లీలీటర్ రసం. ముందు డిస్టిల్డ్ వాటర్ లీటరు తీసుకుని అంతే రసం వేశాం. పిహెచ్ కాగితం 4కి దగ్గరగా చూపింది. తర్వాత మన హాస్టల్ బోరు నీళ్ళు లీటరు తీసుకుని అంతే వేశాం. 7 దగ్గరే నిలిచింది! అసలు నిమ్మరసం వేసినట్టే లేదు.

కారణం నీళ్ళలోనే ఉంది. బోరు నీళ్ళు కఠిన జలం. రాళ్ళనుంచి కరిగి వచ్చిన బైకార్బొనేట్ అందులో ఉంటుంది. వేసిన పులుపుని మొదట అది తినేస్తుంది. అది అయిపోయేదాకా అంకె పెద్దగా కదలదు, అయిపోయాక గబగబా పడిపోతుంది. ఆ బోరు నీళ్ళు 5కి రావడానికి లీటరుకి దాదాపు 10 మిల్లీలీటర్ల రసం పట్టింది. అవ్వ లెక్కకి పదింతలు. గ్లాసులో మూడు కాయలు మాత్రం దానికీ ఎన్నో రెట్లు ఎక్కువ.

ఆ రాత్రి అవ్వకి ఫోన్ చేస్తే ఆమె అడిగిన మొదటి మాట: "మీ నీళ్ళలో పప్పు ఉడుకుతుందా?" ఉడకదు అవ్వా అన్నాను. "అయితే ముందే అడగొద్దా! మన ఇంట్లో తలకి పోసేది తొట్టిలో పట్టిన వాననీళ్ళు కదమ్మా" అంది. వాననీళ్ళలో పులుపుని తినేది దాదాపు ఏమీ ఉండదు. నేను చిట్కా తెచ్చాను, నీళ్ళు మరిచిపోయాను.

అందుకే నేను నేర్చుకున్నది ఇది: ఇంకొకరి కొలత తెచ్చుకోకండి, చేరవలసిన అంకె తెచ్చుకోండి. కొలత మీ నీళ్ళని బట్టి మారుతుంది.

సరిచేసే పద్ధతి

1. అంకె: ఆఖరి చెంబుకి 4.5 నుంచి 5.5 మధ్య చాలు. ముఖానికి వాడే నీళ్ళకి 5 దగ్గర.

2. పులుపు: నిమ్మకాయలన్నీ ఒకే పులుపు ఉండవు. అంగడిలో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, 10 గ్రాములు తూచి 90 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించుకుంటే లెక్క తప్పదు. పొడి నేరుగా వేయొద్దు.

3. చుక్కచుక్కగా వేయాలి. కలపాలి, ఒక నిమిషం ఆగాలి, కాగితం ముంచి చూడాలి. బోరు నీళ్ళలో వాయువు లేచిపోయే కొద్దీ అంకె మళ్ళీ పైకి పోతుంది. అందుకని పది నిమిషాలాగి ఇంకోసారి చూడండి.

4. మరీ పుల్లగా అయితే వంటసోడా 5 గ్రాములు 95 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి, అదీ చుక్కలుగానే. ఊరికే నిమ్మరసం, సోడా రెండూ కలిపి రాసుకుంటే నురగ వస్తుంది గానీ, ఒకదాన్నొకటి చంపుకోవడమే జరుగుతుంది.

5. సీకాయ నీళ్ళ గోధుమరంగు కాగితానికి అంటుకుంటుంది. ఒక వంతు సీకాయ నీళ్ళకి తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి చూడండి. అంకె కచ్చితంగా అదే కాకపోయినా దగ్గరగా తెలుస్తుంది.

6. మొదట మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి. గీతలు, పుండ్లు ఉన్నచోట వాడొద్దు. చేసినది అదేరోజు వాడేయండి, మిగిలితే పారబోయండి. నీళ్ళున్న ఏ ఇంటి సరుకైనా నిలవుంటే బూజు పడుతుంది.

సబ్బుని సరిచేయలేం

'సబ్బు 9 అయితే అందులోనే నిమ్మ ఉప్పు వేసి 5కి దించొచ్చు కదా' అని నేనూ అడిగాను. కుదరదు. సబ్బు అంటేనే నూనె, క్షారం కలిసి అయిన పదార్థం. పులుపు వేస్తే అది విరిగి తెల్లటి జిడ్డుగా తేలుతుంది, మురికి వదలదు. కాబట్టి సబ్బు క్షారంగానే ఉంటుంది. తర్వాత పోసే నీళ్ళని మాత్రమే మనం సరిచేయగలం. సీకాయ, కుంకుడుకాయ రసాలు వాటంతట అవే కాస్త పుల్లగా ఉంటాయి.

కాగితం లేకపోతే?

తెల్లగుడ్డ మీద పసుపు మరక పడి, సబ్బు పెట్టగానే ఎర్రబడటం అందరం చూసినదే. దిష్టి తీసే ఎర్రనీళ్ళలో పసుపుకి సున్నం తగిలి జరిగేదీ అదే. పసుపు సుమారు 8 చేరుతుంటే ఎర్రబడుతుంది. కాబట్టి ఏదైనా నురగ పసుపుని ఎర్రగా చేస్తే అది క్షారమని ఖాయం. శంఖుపువ్వు నీలం నీళ్ళు బాగా పులుపైతే ఊదాగా, క్షారమైతే ఆకుపచ్చగా మారతాయి. ఇవి ఎటువైపో చెబుతాయి, ఎంతో చెప్పవు. 5కీ 4కీ తేడా కావాలంటే కాగితమే కావాలి.

ఆ చెల్లి మాడు ఇప్పుడు నయమైంది. పోయిన ఆదివారం ఇద్దరం కలిసి ఆఖరి చెంబు కలిపాం. ఈసారి అంకె చూశాకే తలమీద పోసుకుంది. జుట్టు ఇంకా మెత్తబడలేదు గానీ చిక్కు తగ్గిందని చెప్పింది.

మీ ఇళ్ళలో ఆఖరి చెంబులో ఏం కలుపుతారు? గంజా, పులిసిన మజ్జిగా, మందార ఆకా? ఏ నీళ్ళతో చేస్తారో కూడా కలిపి, చీటీ మీద రాసి ఈ గోడ పక్క పెట్టెలో వేయండి. అంకెలు కొలిచి వచ్చే సంచికలో పెడదాం.

— మూడో సంవత్సరం బి.ఎ. తెలుగు విద్యార్థిని