పోటీ పరీక్షల ప్రత్యేకం: బస్సుకో సొంత దారి – బీఆర్‌టీఎస్

గరిడేపల్లిలో మిర్యాలగూడ బస్సెక్కితే ధాన్యం ట్రాక్టర్లు, లారీల వెనకే నెమ్మదిగా సాగాలి. పల్లె రోడ్డుకు అది సరిపోతుందేమో గానీ నగర శివార్లకు సరిపోదు. అందుకు పుట్టిందే బస్ రాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్ (బీఆర్‌టీఎస్). దీనికి ఆద్యం బ్రెజిల్‌లోని కురిటిబా (1974). కొలంబియా రాజధాని బొగోటాలోని ‘ట్రాన్స్‌మిలీనియో’ 2000లో మొదలైంది.

తెలుగునాట అడగదగ్గ ఉదాహరణ విశాఖపట్నం. 2005 డిసెంబరులో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ మిషన్ (జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం) కింద పెందుర్తి, సింహాచలం కారిడార్లు మంజూరయ్యాయి. రెండూ కలిపి దాదాపు 40 కి.మీ. ఆ పథకంలో విశాఖ స్థాయి నగరాలకు కేంద్రం 50, రాష్ట్రం 20, స్థానిక సంస్థ 30 శాతం ఖర్చు భరించాల్సి ఉండేది. సింహాచలం వైపు దేవస్థానం భూముల దగ్గర పని చిక్కుబడింది. నిజానికి ఇలాంటి పథకాల్లో తారు పోయడం తేలిక, భూసేకరణే గండం.

రోడ్డు మధ్యలో బస్సు వరుసలు, బస్సు గడపకు సమాన ఎత్తులో ప్లాట్‌ఫాం, ఎక్కకముందే టికెట్: 2009లో మొదలైన అహ్మదాబాద్ ‘జన్‌మార్గ్’లో ఈ మూడూ కుదిరాయి. ఢిల్లీలో 2008లో తెరిచిన అంబేడ్కర్ నగర్–మూల్‌చంద్ కారిడార్‌ను కార్ల యజమానుల నిరసనల మధ్య 2016లో తొలగించారు. జతపరిచే ప్రశ్నల్లో ఈ రెండు నగరాలూ తారుమారయ్యే ప్రమాదముంది.