మంచం దగ్గరే బడి

బిడ్డను ఆసుపత్రిలో చేర్చిన రోజు ఎవరికీ బడి గుర్తు రాదు. రావలసిన అవసరమూ లేదు. జ్వరం తగ్గాలి, నొప్పి తగ్గాలి, నాలుగు మెతుకులు లోపలికి వెళ్ళాలి, అంతే. ప్రమాదం గడిచి, డాక్టరు గారు "ఇంకా కొన్నాళ్ళు ఉండాలమ్మా" అన్న తరువాత ఒక మాట మెల్లగా బయటికి వస్తుంది: "ఈ ఏడు చదువు పోయినట్టే." ఆ మాట మనం ఎక్కువగా మంచం పక్కనే, బిడ్డ వింటుండగానే అంటాము.

మీ అబ్బాయి ఏడో తరగతి అనుకుందాం. కాలవ గట్టు మీద నుంచి సైకిలుతో పడి తొడ ఎముక విరిగింది. ఆసుపత్రిలోను, ఇంటి దగ్గరను కలిపి రెండు మూడు నెలలు మంచం మీదే. ఎముక అతుకుతుంది. అయితే తిరిగి తరగతిలో కూర్చునేసరికి లెక్కలు ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటాయి. మాస్టారు అడిగితే లేచి నిలబడి తల దించుకుంటాడు. ఒక రోజు కడుపునొప్పి అంటాడు, మరునాడు కాలునొప్పి అంటాడు. "ఇంకా నీరసంగా ఉన్నాడులే" అని మనమూ ఊరుకుంటాము. దీర్ఘకాలపు జబ్బుల తరువాత పిల్లలు బడి మానేది చాలాసార్లు ఇలాగే, ఎవరూ నిర్ణయించకుండానే.

"మాకే అక్షరం ముక్క రాదు, మేమేం చెబుతామండీ?" అని మీరు అనవచ్చు. మీరు చెప్పనక్కర లేదు. అడగండి చాలు. బిడ్డ చేస్తాడు. పాఠాలకు కావలసిన సామాను వార్డులోనే ఉంది.

ముందుగా జాగ్రత్తలు. చదివించవచ్చా అని సిస్టర్‌ను అడగండి. తీవ్రమైన జ్వరం, వాంతులు, ఆపరేషను మత్తు ఉన్న రోజున వద్దు. డాక్టరు గారి రౌండ్స్ అయిన తరువాత ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఇరవై నిమిషాలకు మించకుండా చేయించండి. బిడ్డ విసుక్కుంటే ఆపేయండి. ఇది పరీక్ష కాదు.

లెక్కలు

సెలైన్ సీసాతో మొదలుపెట్టండి. గొట్టంలో పడే చుక్కలను గోడ గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు లెక్కపెట్టమనండి. పెద్దలకు వాడే చాలా సెట్లలో 20 చుక్కలు కలిస్తే 1 మి.లీ. అవుతుంది. చిన్నపిల్లల సెట్లలో 60 చుక్కలు. ఆ సంఖ్య సెట్టు కవరు మీద ఉంటుంది, సిస్టర్‌ను అడిగినా చెబుతారు. 20 చుక్కల సెట్టులో నిమిషానికి 40 చుక్కలు పడుతున్నాయనుకోండి. అంటే నిమిషానికి 2 మి.లీ. సీసాలో 500 మి.లీ. ఉంటే 250 నిమిషాలు, అనగా 4 గంటల 10 నిమిషాలు. ఉదయం 9.20కి పెడితే మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అయిపోవాలి. లెక్క సరిపోయిందో లేదో సీసాయే చెబుతుంది. సరిపోకపోతే చెయ్యి కదిలించడం వల్ల వేగం మారి ఉండవచ్చు. లెక్క మాత్రమే మీది, చక్రం సిస్టర్‌ది. "తొందరగా అయిపోతుందిలే" అని దాన్ని తిప్పే బంధువులు ఉంటారు. దయచేసి ముట్టుకోవద్దు. పిల్లలకు నీరు ఎక్కువ వేగంగా ఎక్కితే అపాయం.

రెండోది జ్వరం లెక్క. మనం 102, 103 అంటాము, కొన్ని థర్మామీటర్లు 38, 39 అంటాయి. ఫారన్‌హీట్ అంకెలో నుంచి 32 తీసేసి, 5తో హెచ్చించి, 9తో భాగించాలి. 98.6ను ఇలా చేస్తే సరిగ్గా 37 వస్తుంది. 104 అయితే 40. సిస్టర్ చూసిన జ్వరాన్ని రోజుకు నాలుగుసార్లు గళ్ళ కాగితం మీద చుక్కలుగా పెట్టించి, వాటిని గీతతో కలిపించండి. గ్రాఫు పాఠం అదే. పైగా తన జ్వరం దిగడం తన చేతి గీతలోనే చూస్తాడు.

మూడోది ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీళ్ళకు. మన గ్లాసు 200 మి.లీ. అయితే ఎన్ని గ్లాసులు? ఐదు. మరి కొంచెం పొడిని ఒక గ్లాసులో అందాజుగా వేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు పిల్లలకు తెలిస్తే ఇంట్లో అందరికీ తెలిసినట్టే. పొడి ఎక్కువై నీళ్ళు తక్కువైతే ఉప్పు పెరిగి హాని చేస్తుంది, నీళ్ళు ఎక్కువైతే పని చేయదు. ప్యాకెట్టు దొరకనప్పుడు ఒక లీటరు మంచినీళ్ళలో తలకొట్టి కొలిచిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయాలి.

సామాన్య శాస్త్రం

ఒక ప్రశ్న ఇవ్వండి: బోదకాలు సర్వేకు వచ్చే ఆరోగ్య సిబ్బంది రక్తం రాత్రిపూటే ఎందుకు తీస్తారు? ఒక రోజంతా ఆలోచించనివ్వండి. పక్క మంచం వాళ్ళనూ అడగనివ్వండి. బోదకాలు పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి, రాత్రి చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా రాత్రే.

ఆ జబ్బుకు ఇచ్చే డి.ఇ.సి. మాత్ర వెనుక మన గోదావరి మనిషి ఉన్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని ప్యాసు కాలేదు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములను తీసుకుపోయింది, ఆయనకూ వచ్చింది. అమెరికాలోని లెడర్లీ సంస్థలో 1940లలో ఆయన నడిపిన పరిశోధన వల్లనే డి.ఇ.సి. వచ్చింది. స్ప్రూకు పనికివచ్చే ఫోలిక్ యాసిడ్‌ను అక్కడే తయారుచేయగలిగారు. పిల్లల రక్త క్యాన్సరులో ఈనాటికీ వాడే మెతోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలదే. మెట్రిక్ రెండుసార్లు తప్పిన సంగతి మాత్రం వదలకుండా చెప్పండి. మంచం మీద ఉన్న పిల్లలకు మిగతా కథ కంటే అదే ఎక్కువ నచ్చుతుంది.

ఇంటికి వెళ్ళాక చేసే ప్రయోగం ఒకటి. దింపు అయిన తరువాత పెరట్లో కొబ్బరి డొక్కలు, చిప్పలు పడి ఉంటాయి. వాన పడిన మర్నాడు ఎన్నింటిలో నీళ్ళు నిలిచాయో బిడ్డ చెప్పాలి, తమ్ముడో చెల్లెలో బోర్లించాలి. గుడ్డు నుంచి దోమ ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకసారి తప్పకుండా బోర్లిస్తే చాలు. డెంగ్యూ దోమకు చిప్పెడు నీళ్ళు సరిపోతాయి.

సాంఘిక శాస్త్రం

"నువ్వు తాగే నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయి?" అని అడిగి పటం గీయించండి. పైన ధవళేశ్వరం. 1847లో కాటన్ దొర మొదలుపెట్టిన ఆనకట్ట 1852కు పూర్తయింది, ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటికి వచ్చింది. తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ, నడుమ వైనతేయ, కింద సముద్రం. అమలాపురం, కొత్తపేట వైనతేయకు ఈవల, రాజోలు ఆవల. మరి కాలవ నీళ్ళు నదిని దాటి రాజోలు వైపు ఎలా వెళ్ళాయి? గన్నవరం అక్విడక్టు మీదుగా, నది మీద కాలవ. 2000లో కట్టిన కొత్తదానికి అన్నదాత డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. తాతగారు పక్కన ఉంటే ఈ పాఠం ఆయనకు అప్పగించండి, లాకులు, పడవలు ఆయనకే బాగా తెలుసు. చివరగా ఆ కాలవలో గేదెలు కడిగే రేవులు, మురుగు కలిసే చోట్లు ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టించండి. నీళ్ళు కాచి తాగమని మళ్ళీ చెప్పే పని ఉండదు.

తెలుగు, ఇంగ్లీషు

రోజూ ఐదు వాక్యాల డైరీ చాలు. ఎక్కడ నొప్పి, ఎప్పుడు ఎక్కువ, ఏమి తిన్నాడు. డాక్టరు గారికి అది పనికివస్తుంది. పిల్లలు పెద్దవాళ్ళ ముందు నోటితో చెప్పని నొప్పిని కాగితం మీద రాస్తారు. తరగతి స్నేహితులకు ఉత్తరం రాయించి పంపండి, జవాబు తెప్పించండి. ఇంగ్లీషుకు మందుల అట్టలు ఉన్నాయి. పేరు, గడువు తేదీ చదివించండి. మాత్ర మాత్రం మీ చేతితోనే ఇవ్వండి. సెల్‌ఫోను పాఠం చెబుతుందని దానికే అప్పగించేస్తే పాఠం పది నిమిషాలు, బొమ్మలు రెండు గంటలు.

బడికి తిరిగి వెళ్ళేటప్పుడు

చేరిన మొదటి వారంలోనే హెడ్మాస్టరు గారికి సెలవు చీటీ పంపండి. వారానికి ఒకసారి ఎవరినైనా పంపి ఏ పాఠం జరుగుతోందో రాయించుకు రండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు బిడ్డను బడి నుంచి తీసేయడానికి వీలులేదు. "పేరు కొట్టేశారేమో" అని భయపడి ఇంట్లో ఉంచుకోకండి, వెళ్ళి అడగండి. తలసీమియా, హీమోఫిలియా వంటి జబ్బులు 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో ఉన్నాయి. మంచం దిగలేని వికలాంగ పిల్లల చదువు గురించి మండలంలోని భవిత కేంద్రంలో అడగండి.

డిశ్చార్జి రోజున మందుల చీటీతో పాటు మరొక కాగితం అడిగి తీసుకోండి. ఎన్నాళ్ళు ఆటలు వద్దు, మెట్లు ఎక్కవచ్చా, సంచి మోయవచ్చా, మధ్యాహ్నం మాత్ర ఎవరు ఇవ్వాలి, ఏ లక్షణం కనబడితే వెంటనే ఇంటికి కబురు చేయాలి, ఇవి అందులో ఉండాలి. ఒకటి మీ దగ్గర ఉంచుకుని, రెండోది క్లాసు టీచరు గారి చేతికి ఇవ్వండి. మొదటి వారం సగం పూట పంపవచ్చునేమో అడగండి. జ్వరం గీత గీసిన కాగితం, నీళ్ళ పటం సంచిలో పెట్టి పంపండి.